సూటిగ చెప్పున్రి

మృదులకు వెటకారం అర్థం కాదు. చిన్నప్పటి నుంచీ అంతే. ఎవరైనా నోటితో ఒకటి అని మనసులో ఇంకొకటి పెట్టుకుంటే, ఆమెకు నోటిమాటే చేరుతుంది. మనసులోది దారిలోనే ఎక్కడో ఆగిపోతుంది.

సుల్తాన్ బజార్‌లో వాళ్ళ బాపు శ్యామ్‌సుందర్‌కు గాజుల దుకాణం. ఆ వెనక సందులోని బడిలో మృదుల మూడో తరగతి చదివేటప్పుడు, పాఠం జరుగుతుంటే పక్కపిల్లతో ముచ్చట పెట్టింది. టీచరమ్మ చూసి, "ఆగినవేంది మృదులా? చాలా మంచిగ మాట్లాడుతున్నవ్. ఇంకా జర గట్టిగ చెప్పు, పక్క క్లాసోళ్ళకు గూడ వినవడాలె" అంది. మృదుల లేచి నిలబడి, గాజుల డబ్బాల వెనక పిల్లి ఈనిందనీ, అందులో ఒక కూన తెల్లగా ఉందనీ గొంతెత్తి చెప్పింది. క్లాసంతా గొల్లుమంది. టీచరమ్మ స్కేలు తీసింది.

కందిన అరచెయ్యి తల్లి విద్యావతికి చూపించి, "కోపమొస్తే కోపమొచ్చిందని అనాలె గదమ్మా? గట్టిగ మాట్లాడుమని ఎందుకన్నది?" అని అడిగింది. విద్యావతి ఆ చేతికి కొబ్బరినూనె రాస్తూ, "పెద్దోళ్ళు గట్లనే అంటరు బిడ్డా. పెద్దగైతే నీకే తెలుస్తది" అంది.

పెద్దదైంది. బీకాం పాసైంది. తెలియలేదు. ఒక ఉపాయం మాత్రం పట్టుబడింది. ఎవరైనా మాట అనగానే చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు చూడటం. వాళ్ళు నవ్వితే ఆ మాటను తిరగేసి అర్థం చేసుకోవడం. ఒక క్షణం ఆలస్యంగా తనూ నవ్వడం. రోజంతా ఇలా మొహాలు చదువుకుంటూ బతకడం ఎంత అలసటో, సాయంత్రం ఇంటికొచ్చి గోడకు వీపు ఆనించి కూర్చున్నప్పుడు ఆమెకు తెలిసేది.

శశికిరణ్‌ను ఇష్టపడటానికి కారణం కూడా అదే. గౌలిగూడలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు చూసేవాడు. ఆకలైతే ఆకలంటాడు, నచ్చకపోతే నచ్చలేదంటాడు. "నీతో మాట్లాడితే నాకు తలనొప్పి రాదు" అని మృదుల చెబితే, ఇంతకంటే మంచి మాట తనకెవరూ చెప్పలేదన్నాడు. పెళ్ళి చేసుకుని నాంపల్లి స్టేషన్ వెనక వాళ్ళింటికి వచ్చింది.

ఆ ఇంట్లో ఉన్నది అత్తగారు నాగవల్లి. ఆవిడ తండ్రి ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు కాకినాడ నుంచి సర్కారు కొలువుకు వచ్చాడు. నాగవల్లి పుట్టింది, పెరిగింది, పెళ్ళాడింది, ముండమోసింది అంతా నాంపల్లిలోనే. అయినా ఆ ఇంటి మాటలో గోదారి నీళ్ళు ఇంకిపోలేదు. ఉప్పు లేకుండా కూరైనా వండుతుందేమో గానీ, వెటకారం లేకుండా నాగవల్లి మాట బయటికి రాదు.

కాపురానికొచ్చిన కొత్తలో ఒకనాడు మృదుల డ్యూటీ నుంచి వచ్చి ఫోన్ చూస్తూ కూర్చుంది. వంటింట్లోంచి నాగవల్లి, "నువ్వు లేవకు తల్లీ, నడుం నొప్పెడుతుంది. నీకు వండి వార్చడానికే కదా భగవంతుడు నన్ను పుట్టించింది!" అంది.

మృదులకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత ప్రేమా అనుకుంది. "సరే అత్తమ్మా" అని హాయిగా కాళ్ళు బార్లా చాపుకుంది.

ఆ సంగతి నాగవల్లి ఫోన్లో బంధువులందరికీ చెప్పింది. కాచిగూడలో ఉన్న చెల్లెలికి రెండుసార్లు చెప్పింది. శశికిరణ్ విడమర్చి చెప్పాక గానీ మృదులకు తెలియలేదు. తెలిశాక ఊరుకోలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్ళి, "అత్తమ్మా, మీకు పని జేసి పెట్టాల్నంటే జేసి పెట్టు అనున్రి. జేస్త. తిప్పి చెప్తే నాకు తెల్వది" అంది.

"అబ్బో! పాఠాలు కూడా చెబుతున్నావే. ఇంకేం కావాలమ్మా నాకు!"

"ఇంకేం కావాల్నో మీరే చెప్పాలె."

నాగవల్లి గరిటె పట్టుకుని కోడలి మొహం పరీక్షగా చూసింది. ఎదురు వెటకారమేమోనని వెతికింది. లేదు. "ఉల్లిపాయలు తరుగు" అంది చివరికి.

అలా ఇంట్లో ఏదో ఒక దారి పడింది. తను పనిచేసే దుకాణంలో పడలేదు.

ఆబిడ్స్‌లో, పెద్ద పోస్టాఫీసుకు కూతవేటు దూరంలో, మూడంతస్తుల బట్టల దుకాణం. మృదుల కింద బిల్లింగ్ కౌంటర్లో కూర్చునేది. పైన సేల్స్ అమ్మాయిలు. అందరి మీదా ఇన్‌ఛార్జి జితేందర్, ఓనర్ అక్క కొడుకు. మనిషి చూడటానికి బాగుంటాడు, గట్టిగా నవ్వుతాడు, నలుగురినీ నవ్విస్తాడు. కాకపోతే నవ్వులన్నీ ఎవరో ఒకరి వీపు మీద పడేవే. ఆలస్యంగా వచ్చిన వాళ్ళకు, "రాన్రి మేడమ్, రాన్రి, చాయ్ తాగుతరా, బిర్యానీ తింటరా?" అని ఎదురొచ్చేవాడు. కొనకుండా వెళ్ళే గిరాకీ వెనక, "పాపం, దుకాణం మొత్తం కొందామనుకున్నది, సంచి మర్చిపోయింది" అనేవాడు.

మృదుల అతనికి దొరికిన బొమ్మ. ఒకరోజు ఆమె తలనొప్పిగా ఉందంటే, "అయ్యో, ఇంకా గీడనే ఉన్నవా? పో పో, ఇంటికి పోయి పండుకో. దుకాణం నేను జూసుకుంట" అన్నాడు. ఆమె థాంక్స్ చెప్పి, బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం కౌంటర్ ముందు పెద్ద వరస అయిందట. మర్నాటి నుంచి ఆమె పేరు ట్యూబ్‌లైట్. ఓనర్ కూడా అలాగే పిలిచేవాడు. మృదుల విని ఊరుకునేది. పేరే కదా, కనీసం దానికి ఒకటే అర్థం.

ఎండలు మండుతున్న పెళ్ళిళ్ళ సీజన్లో ఆ సంగతి జరిగింది.

భవ్యశ్రీ అని కొత్తగా చేరిన అమ్మాయి, తల్లి కామాక్షితో బజార్‌ఘాట్‌లో ఉండేది. కొంచెం ఆయాసం మనిషి. ఆరోజు పొద్దుటి నుంచీ చీరలు విప్పి చూపించి, మడతలు పెట్టి, మధ్యాహ్నానికి కళ్ళు తిరిగి కింద బిల్లింగ్ పక్కన స్టూలు మీద కూలబడింది. "సార్, ఊపిరాడుతలేదు. ఇంటికి పోత" అని జితేందర్‌ను అడిగింది.

"అరె పాపం!" అన్నాడు జితేందర్, అందరికీ వినబడేలా. "మేడమ్‌కు తబియత్ మంచిగ లేదట. ఏసీ రూముల పండవెడదం. రా, రా."

చెయ్యి చూపిస్తూ పైకి తీసుకెళ్ళాడు. కాసేపటికి ఒక్కడే దిగివచ్చాడు. వేలికి తాళంచెవి గిరగిరా తిప్పుతూ, "స్టాక్ రూముల పెట్టి తాళమేసొచ్చిన. సాయంత్రం దాక ఫుల్ రెస్ట్. ఎవ్వలు డిస్టర్బ్ చెయ్యొద్దు" అన్నాడు.

స్టాక్ రూమంటే మిద్దె మీద రేకుల గది. కిటికీ లేదు. పొద్దున బట్టల మూటలు తీసుకోవడానికి వెళ్ళినవాళ్ళే చెమటతో తడిసి దిగేవాళ్ళు. అందరూ నవ్వారు. మృదుల అలవాటు ప్రకారం మొహాలు చూసింది. నవ్వే మొహాలే. అంటే మాట తిరగెయ్యాలి. తాళం వేశానంటే వెయ్యలేదని. కానీ తాళంచెవి అతని వేలికే ఉంది.

"నిజంగ తాళమేసిన్రా సార్?" అని అడిగింది.

"ఔ, నిజంగనే. గిదిగో చెవి. కనవడ్తలేదా?"

పక్క కౌంటర్ అమ్మాయి మోచేత్తో పొడిచింది. "ఊకో మృదులా, మజాక్ జేస్తున్నడు. నీకెప్పుడూ తెల్వది."

నిజమే, ఆమెకెప్పుడూ తెలియదు. ఇదివరకు ఎన్నిసార్లు పొరబడిందో, ఎన్నిసార్లు నవ్వులపాలైందో ఆమెకే గుర్తు. ఈసారి కూడా అదే కావచ్చు. పైకి వెళ్తే తలుపు తీసే ఉండవచ్చు, భవ్యశ్రీ మూట మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతూ ఉండవచ్చు, తను దిగొచ్చేసరికి దుకాణమంతా చప్పట్లు కొట్టవచ్చు. "కొడితే కొట్టనీ" అనుకుంది మృదుల. బిల్లు కోసం నిలబడ్డ పెద్దాయనతో, "ఒక్క నిమిషం అంకుల్, పైన మనిషి ఉన్నది, చూసొస్త" అని చెప్పి మెట్లెక్కింది.

తలుపుకు తాళం ఉంది. తట్టింది. లోపలి నుంచి, "అక్కా" అని పీలగా వినిపించింది. ఆ తర్వాత ఏమీ వినబడలేదు.

పరుగున దిగింది. "సార్, చెవి ఇయ్యున్రి. లోపల ఆమెకు మంచిగ లేదు."

"ఇస్త," అన్నాడు జితేందర్. "దండం పెట్టి అడుగు, ఇస్త."

మృదుల రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. తర్వాత చెయ్యి చాపింది. దుకాణం పగలబడి నవ్వింది. ఒక సేల్స్ అమ్మాయి ఫోన్ తీసి వీడియో తియ్యబోయింది. జితేందర్ తాళంచెవి జేబులో వేసుకుని, "దండం గట్లనా పెట్టేది? మళ్ళ పెట్టు" అన్నాడు.

అప్పుడు మృదులకు అర్థమైంది. తప్పు తనకు అర్థంకాని వెటకారంలో లేదు, ఆ మనిషిలోనే ఉంది. షటర్ గుంజే పొడుగాటి ఇనుప కొక్కెం మూలన ఆనించి ఉంది. దాన్ని తీసుకుని మళ్ళీ మెట్లెక్కింది. వెనక నుంచి జితేందర్ అరుస్తూనే ఉన్నాడు. తాళం కొంకిలో కొక్కెం దూర్చి, బలమంతా వేసి ఎత్తింది. గొళ్ళెం మరలతో సహా ఊడొచ్చింది. తలుపు తెరిస్తే పొయ్యి మూత తీసినట్టు సెగ మొహాన కొట్టింది. భవ్యశ్రీ బట్టల మూట పక్కన పడిపోయి ఉంది. పెదవులు నల్లబడ్డాయి.

నవ్వులు అప్పుడు ఆగాయి. మృదుల ఆమెను భుజాన వేసుకుని దిగుతుంటే, బిల్లు కోసం నిలబడ్డ పెద్దాయనే ఆటో పిలిచాడు. దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే ఏం జరిగేదో చెప్పలేమన్నారు. డాక్టర్ మొహంలో నవ్వు లేదు, కాబట్టి ఆ మాటను తిరగెయ్యాల్సిన పని లేకపోయింది.

కామాక్షి కేసు పెట్టింది. మృదుల పోలీసులకు చూసింది చూసినట్టు చెప్పింది.

మర్నాడు ఓనర్ ఆమెను గదిలోకి పిలిచాడు. "మృదులా, నువ్వు చాలా కష్టపడ్డవ్. ఇగ ఇంట్ల కూసొని ఆరాం జెయ్" అన్నాడు.

"ఎన్ని రోజులు సార్?"

"నీ ఇష్టం. ఎన్ని రోజులైన."

"నన్ను ఉద్యోగంలకెళ్ళి తీసేసిన్రా? తీసేస్తే తీసేసిన్నని సూటిగ చెప్పున్రి. లేకుంటే రేపు వచ్చి నా కుర్చీల కూసుంట."

ఓనర్ ఇటూ అటూ కదిలాడు. పేపర్‌వెయిట్ జరిపాడు. "తీసేసిన" అన్నాడు, ఎటో చూస్తూ.

"ఎందుకు?"

ఓనర్ ఫోన్ తీసి ఎవరికో కలిపాడు.

ఆ సాయంత్రం శశికిరణ్ ఆమె పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు: "మృదులా, కోపం తెచ్చుకోకు. ఇలాంటివి నేర్పేవాళ్ళు ఉంటారట. కౌన్సిలింగ్‌లో. మనుషుల మాటల్లో తేడాలు ఎలా పట్టుకోవాలో చెబుతారట. నీకు సులువుగా ఉంటుందేమో."

శశికిరణ్ మాటలో ఎప్పుడూ మడత ఉండదు కాబట్టి ఆమెకు కోపం రాలేదు. కానీ ఒప్పుకోలేదు. "వినే నాకే ఎందుకు నేర్పాలె? అనేటోళ్ళకు ఎందుకు నేర్పొద్దు?" అంది. "జితేందర్ సార్ తిట్టాలనుకుంటడు. తిట్టనట్టు తిడ్తడు. దొరికితే మజాక్ అంటడు, దొరక్కపోతే తిట్టు తిట్టే. అట్ల దొంగదారి పెట్టుకొని మాట్లాడుడు వాళ్ళ తెలివి, సూటిగ వినుడు నా రోగమా? నాకేం రోగం లేదు శశీ. నేను నేర్సుకోను."

వాకిట్లో బియ్యం ఏరుతున్న నాగవల్లి అంతా విన్నది. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో వింతే.

కేసు వాయిదాల మీద వాయిదాలు పడుతూ సాగింది. మృదుల సాక్ష్యం చెప్పే రోజు దగ్గరపడగానే, ఒక ఆదివారం జితేందర్ మిఠాయి డబ్బా పట్టుకుని నాంపల్లి ఇంటికొచ్చాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వినయంగా కూర్చున్నాడు.

"మృదులా, నిన్ను అబద్ధం చెప్పుమంటలేను," అన్నాడు. "నీకు మజాక్ సమజ్ కాదు. గది అందరికి ఎర్కే గదా. నువ్వు గూడ ఒప్పుకుంటవ్. కోర్టుల గా ఒక్క మాట చెప్పు, చాలు. 'నాకు మజాక్ తెల్వది, నేనే తప్పు సమజ్ చేసుకున్ననేమో' అను. అంతే. అమ్మా, మీరన్న చెప్పున్రి."

నాగవల్లి చీరకొంగు సర్దుకుంది. "నేనేం చెబుతాను నాయనా! ఆడపిల్లను ఎండలో ఉడకబెట్టి, మిఠాయి పట్టుకొచ్చిన మహానుభావుడివి. ఇంత మంచివాడు మళ్ళీ మా గుమ్మం తొక్కుతాడో లేదో. కాస్త కాఫీ తాగి వెళ్ళు."

జితేందర్ కాఫీ తాగాలో లేవాలో తేల్చుకోలేక అలాగే కూర్చుండిపోయాడు. మృదుల కాఫీ కలపడానికి లేచింది. నాగవల్లి గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుని, "ఎక్కడికే? నేను పొమ్మన్నాను వాణ్ణి" అని గుసగుసలాడింది.

"మరి పొమ్మని అనున్రి అత్తమ్మా," అంది మృదుల, పైకే.

నాగవల్లి ఆమె చెయ్యి వదిలింది. జితేందర్ వైపు తిరిగి, "బాబూ, నువ్వు చేసింది పాపం. లేచి వెళ్ళు" అంది. డబ్బా చేతికిచ్చి పంపింది. తలుపు వేసొచ్చి, ఏదో బరువు దించినదానిలా మంచం మీద కూర్చుని, "ఇలా అనడం కూడా బాగానే ఉందే" అంది. మృదుల ఆ మాట నమ్మాలా వద్దా అని చూస్తుంటే, "నిజంగానే అంటున్నాను" అని విసుక్కుంది.

సాక్ష్యం రోజున నాగవల్లి పులిహోర డబ్బా కట్టుకుని తనూ బయల్దేరింది. నాంపల్లి కోర్టు ఇంటి నుంచి నడకే. వరండాలో నల్లకోట్లు, సంకెళ్ళు, ఏడుపులు, చాయ్ గ్లాసులు. భవ్యశ్రీ తల్లి పక్కన ఒదిగి కూర్చుని ఉంది. ఆమె సాక్ష్యం అప్పటికే అయిపోయింది. దుకాణం అమ్మాయిలు కూడా చెప్పి వెళ్ళిపోయారు. ఒకామె గుర్తులేదంది. ఇంకొకామె అందరం మజాక్ అనుకున్నామంది. ఉద్యోగాలున్న వాళ్ళు మరి.

మృదుల నాగవల్లి పక్కకు జరిగింది. "నాకు భయమైతుంది అత్తమ్మా" అంది.

"నాకూ భయంగానే ఉంది," అంది నాగవల్లి. "అయినా వెళ్ళు."

బోనులోకి వెళ్ళి ప్రమాణం చేసింది. సర్కారు వకీలు అడిగినవాటికి జరిగింది జరిగినట్టు చెప్పింది. మేజిస్ట్రేట్ మేడమ్ ఒక్కో జవాబునూ ఇంగ్లీషులో చెబుతుంటే, కింద కూర్చున్నాయన కంప్యూటర్లో కొడుతున్నాడు. తర్వాత జితేందర్ వకీలు విశ్వనాథ్ లేచాడు. తల పండినవాడు. నవ్వుమొహం.

"అమ్మా, మీరు మేధావిలా ఉన్నారే."

"కాదు సార్. బీకాం, సెకండ్ క్లాస్."

వెనక బెంచీల్లో నవ్వులు. మృదుల మొహాలు చూడలేదు. మేడమ్‌నూ, టైపు కొట్టే ఆయన వేళ్ళనూ చూసింది. ఆ వేళ్ళు కదల్లేదు. నవ్వు టైపు కావడం లేదు. వకీలు సాగదీసిన దీర్ఘం కూడా టైపు కావడం లేదు. ఇక్కడ కాగితం మీదికి ఎక్కేది మాట ఒక్కటే. ఆ సంగతి తెలియగానే ఆమె భయం సగం తగ్గింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అందరూ తను వినే తీరుగానే వినాల్సిన చోట నిలబడింది.

"దుకాణంలో మిమ్మల్ని ఏమని పిలిచేవారు?"

"ట్యూబ్‌లైట్."

"ఎందుకో?"

"ఆలస్యంగ సమజైతదని."

"అంటే మీకు వెటకారం, హాస్యం, ఇవేవీ అర్థం కావు."

"వెటకారం చాలాసార్లు అర్థం గాదు. ఔ."

విశ్వనాథ్ మేడమ్ వైపు చూసి చిన్నగా తల ఊపాడు, పని అయిపోయిందన్నట్టు. "మరి ఆరోజు నా క్లయింటు 'తాళం వేశాను' అన్నది వెటకారమో, నిజమో మీకు ఎలా తెలిసిందమ్మా?"

"తెల్వలేదు సార్," అంది మృదుల. "గందుకే పైకి పోయి చూసిన."

ఈసారి వెనక బెంచీల్లో ఎవరూ నవ్వలేదు. కీబోర్డు టకటకలు మాత్రం వినిపించాయి.

విశ్వనాథ్ కోటు సర్దుకున్నాడు. గొంతు పెంచాడు. "ఓహో! దుకాణంలో ఉన్న అందరూ మూర్ఖులు, మీరొక్కరే జ్ఞాని. నా క్లయింటు పెద్ద రాక్షసుడు. పాపం ఆ అమ్మాయిని చంపాలనే తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని, తాపీగా కిందికి దిగొచ్చాడు. అంతేనా?"

మృదుల ఆలోచించింది. ఔ అంటే కొంత అబద్ధమవుతుంది. చంపాలనుకున్నాడో లేదో ఆమెకు తెలియదు. కాదంటే తాళం వెయ్యలేదన్నట్టవుతుంది. ఇలాంటి చోటే కదా చిన్నప్పటి నుంచీ తను చిక్కుకున్నది! టీచరమ్మ ముందు, జితేందర్ ముందు, ఓనర్ ముందు. ఔనన్నా తప్పే, కాదన్నా తప్పే అయ్యేలా మాటను మడిచి చేతికిస్తారు. ఈసారి మడత విప్పే పని తనది కాదనుకుంది.

"మేడమ్," అంది మేజిస్ట్రేట్‌తో, "సార్ అడుగుతున్నడా, ఎక్కిరిస్తున్నడా? అడిగితే జవాబు చెప్త. ఇప్పుడన్న మాట ఉన్నదున్నట్టు రాస్తే, తాళమేసిండని సారే చెప్పినట్టు అయితది. నేను దేనికి ఔ అనాలె?"

టైపు చేసే ఆయన చేతులెత్తి మేడమ్ వైపు చూశాడు. మేడమ్ కళ్ళజోడు తీసింది. "విశ్వనాథ్ గారూ, ఏమని రికార్డు చెయ్యమంటారు? మీ క్లయింట్ తాళం వేసి, చెవి జేబులో పెట్టుకున్నాడన్నది మీ వాదనేనా?"

"కాదు కాదు మేడమ్. నా ఉద్దేశం అది కాదు. అది ఊరికే..."

"మీ ఉద్దేశం ఏదో అది మాటల్లో పెట్టండి. ఒక్కో ప్రశ్న. సాక్షి జవాబిస్తారు."

విశ్వనాథ్‌కు తిరుగులేకపోయింది. వెటకారం వదిలాక అతని ప్రశ్నలు చిన్నవైపోయాయి. తలుపుకు తాళం లేదు, ఎండకు బిగుసుకుంది, అంతే కదా? కాదు, తాళం ఉంది, తాళం తోటే గొళ్ళెం ఊడొచ్చింది. తాళంచెవి మీరు చూడలేదు కదా? చూసిన, ఆయన వేలికి ఉండె, తర్వాత జేబుల ఏసుకున్నడు. ఇవ్వమని మీరు అడగలేదు కదా? అడిగిన, దండం పెట్టమన్నడు, పెట్టిన, ఇయ్యలే. నా క్లయింటు మీద మీకు పగ ఉంది కదా?

"పగ లేదు," అంది మృదుల. "కోపముంది. కోపమున్నదని చెప్పనీకి నాకు సిగ్గు లేదు."

మేడమ్ ఆ జవాబును కూడా ఇంగ్లీషులో చెప్పింది. వేళ్ళు దాన్ని కొట్టాయి. చదివి వినిపించాక మృదుల సంతకం పెట్టింది.

కొన్నాళ్ళకు తీర్పు వచ్చింది. అక్రమంగా నిర్బంధించినందుకు జితేందర్‌కు శిక్ష పడింది. అప్పీలు చేసుకుని బెయిలు మీద తిరుగుతున్నాడు. అయినా దుకాణంలో అతని కుర్చీ పోయింది. పైన రేకుల గదికి తలుపే తీసేశారని భవ్యశ్రీకి ఎవరో చెప్పారు. భవ్యశ్రీ మళ్ళీ బట్టల దుకాణం మొహం చూడనంది, కంప్యూటర్ నేర్చుకుంటోంది.

ఆ తర్వాత కాచిగూడలో చిన్నత్త ఇంట సత్యనారాయణ వ్రతం. నలుగురి మధ్యా చిన్నత్త మృదులకు ప్రసాదం అందిస్తూ, "రా తల్లీ రా! వకీళ్ళనే నీళ్ళు తాగించావట. ఇక నీ ముందు మేం నోరు విప్పగలమా!" అంది.

మృదుల ప్రసాదం అందుకుని అడిగింది: "చిన్నత్తమ్మా, మెచ్చుకుంటున్నరా, ఎత్తిపొడుస్తున్నరా? మెచ్చుకుంటే దండం పెడ్త. ఎత్తిపొడిస్తే దానికి వేరే జవాబుంది. ఏదో ఒకటి చెప్పున్రి."

చిన్నత్త ప్రసాదం గిన్నె కింద పెట్టింది. అక్క వైపు చూసింది. నాగవల్లి అరటిపండు ఒలుచుకుంటూ, "నన్ను చూస్తావేం? అది నిన్నే అడుగుతోంది, చెప్పు" అంది.

"మెచ్చుకుంటున్నానే అమ్మాయ్," అంది చిన్నత్త, బిక్కమొహంతో. మృదుల దండం పెట్టింది. అది నిజమో కాదో ఆమె తవ్వలేదు. నలుగురి ముందు అన్నాక ఆ మాట చిన్నత్తదే, ఆవిడే మోసుకోవాలి.

ఉద్యోగం కోసం ఆబిడ్స్ అంతా తిరిగింది. కోర్టు సంగతి తెలిసి కొందరు చాయ్ ఇచ్చి పంపారు. చివరికి చిరాగ్ అలీ లేన్‌లో కళ్ళజోళ్ళ దుకాణం బిచ్చయ్య కూర్చోమన్నాడు. పెద్ద మనిషి. గొంతు గరుకు. పాత పని ఎందుకు పోయిందో అడిగాడు. చెప్పింది. ఇంకేమైనా చెప్పేది ఉందా అన్నాడు.

"ఉన్నది సార్. నాకు తిప్పి మాట్లాడితే సమజ్ కాదు. తప్పు జేస్తే తప్పు జేసినవని చెప్పున్రి, సరి జేసుకుంట. తిట్టాల్నంటే తిట్టున్రి, వింట. కానీ మంచిగ జేసినవ్ అంటే మంచిగ జేసిననే అనుకుంట. నా మీద నలుగురిని నవ్వించనీకి మాటలంటే, ఏందని నిలబెట్టి అడుగుత. అది గూడ ముందే చెప్తున్న."

బిచ్చయ్య చేతిలోని అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు. "నౌకరి అడగనీకొచ్చి షరతులు పెట్టేటోళ్ళను నేను ఇదే చూసుడు" అన్నాడు.

"ఇది వద్దనుడా సార్, రమ్మనుడా?"

ఆయన ఆమె వంక చాలాసేపు చూశాడు. కోపం వచ్చినట్టే ఉంది. బయట ఆటోల రొద. ఎవరో లోపలికి తొంగిచూసి వెళ్ళారు. మృదుల కుర్చీలోంచి లేవలేదు, చూపు దించలేదు.

"రమ్మనుడే," అన్నాడు చివరికి.

"రేపటి నుంచా?"

"రేపటి నుంచే."

మృదుల బ్యాగు భుజానికి తగిలించుకుని, దుకాణం ఎన్ని గంటలకు తెరుస్తారని అడిగింది.